ఎడమ వెనక స్పీకర్

మా మామ ఇంట్లో హోమ్ థియేటర్ కోసం నేను రాసిచ్చిన ఆల్బమ్‌ల పట్టికలో, ఎడమ వెనక స్పీకర్‌కు పని చెప్పేది ఒక్కటి కూడా లేదు. అది అనుకోకుండా జరిగింది కాదు. అలాంటివన్నీ ఏరి ఏరి తీసేశాను. ఈ మాట ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. రోజూ రాసే డైరీలో కూడా పూర్తి వాక్యంగా రాయలేదు, 'ఎ.వె. ఖాళీ' అని రెండు పొడి అక్షరాలు పెట్టి ఊరుకున్నాను.

నేను భివండి పక్కన కాల్హేర్‌లో ఒక గోదాంలో పని చేస్తాను. జనం ఫోన్లో చూసి కొనుక్కుని, నచ్చకో చెడిపోయో వాపసు పంపిన సామాను అక్కడికి వస్తుంది. మిక్సీలు ఒకరికి, ఫ్యాన్లు ఒకరికి, హోమ్ థియేటర్లు నాకు. డబ్బా విప్పి, ముందు మూడు స్పీకర్లు, వెనక రెండు, కింద బేస్ డబ్బా తగిలించి, నడుమ కుర్చీలో కూర్చుని వినాలి. మొదట ఒక ఆడగొంతు వరసగా మూలల పేర్లు చెబుతుంది. ఎడమ ముందు, నడుమ, కుడి ముందు, కుడి వెనక, ఎడమ వెనక. ఏ మూల పేరు చెబితే ఆ మూల నుంచే గొంతు రావాలి. తర్వాత ఒక పాట వేసి చూసి, ఫారం మీద టిక్కు పెట్టాలి. ఎవరితో మాట్లాడే అవసరం లేదు. నాకు ఆ ఉద్యోగం నచ్చడానికి మొదటి కారణం అదే.

రెండో కారణం ఆ పాటలు. మామూలు పాట మన ఎదురుగా నిలబడి పాడుతుంది. ఐదు స్పీకర్ల కోసం చేసిన ఆల్బమ్ అలా కాదు. పాడేవాళ్ళు, వాయించేవాళ్ళు మన చుట్టూ కూర్చుంటారు. నేను పెళ్ళిళ్ళలో గోడకు ఆనుకుని నిలబడే రకం. ఫోటోకు పిలిస్తే వంటల దగ్గరికి పోతాను. అలాంటిదాన్ని ఆ కుర్చీలో నడుమ కూర్చునేదాన్ని. చుట్టూ పదిమంది ఉన్నా ఒక్కరూ నన్ను చూసేవాళ్ళు కాదు.

డైరీలో ఒక్కో ఆల్బమ్‌కు ఒక పేజీ ఇచ్చాను. పేర్లు నావే. 'రాతి హాలు' అని ఒకటి ఉంది. ఒక పెద్దావిడ తంబురా పెట్టుకుని పాడుతుంది, ముందు స్పీకర్లలో ఆమె, వెనక స్పీకర్లలో ఆ హాలు గోడలు మాత్రమే. ఆమె ఆపాక కూడా గోడలు కాసేపు పాడతాయి. 'నలుగురు అక్కాచెల్లెళ్ళు' అని ఇంకొకటి, నాలుగు వీణలు నాలుగు మూలలు. అక్క అడుగుతుంటే చెల్లెలు వెనక నుంచి జవాబు చెబుతున్నట్టు ఉంటుంది. కొన్ని ఆల్బమ్‌లు ఉత్త హడావిడి. వెనక స్పీకర్లు ఉన్నాయి కదా అని గంటలు, పిట్టలు, గాలి, అన్నీ వెనక కుమ్మరిస్తారు. అలాంటివాటి పేజీలో 'మెడ నొప్పి' అని రాసేదాన్ని.

మా బాపు సాంచాల మిస్త్రీ. మేం మగ్గాన్ని సాంచా అంటాం. బాపు ఇరవై ఏళ్ళ వయసులో సిరిసిల్ల వైపు నుంచి భివండి వచ్చి, ముందు సాంచాలు నడిపి, తర్వాత వాటిని బాగుచేసే మిస్త్రీ అయ్యాడు. పనిచేసేది మా మామ కార్ఖానాలోనే, అంటే అమ్మ తమ్ముడి దగ్గర. బామ్మర్దే యజమాని కాబట్టి బాపు ఆయన్ని నవ్వుతూ 'సేటూ' అని పిలుస్తాడు. మామ కూడా నవ్వుతూనే 'చెప్పు బావా' అంటాడు.

బాపు పనంతా చెవులతో. నా చిన్నప్పుడు సద్ది పట్టుకుని కార్ఖానాకు పోతే, బాపు గడపలో నిలబడి కళ్ళు మూసుకునేవాడు. లోపల ఇరవై నాలుగు సాంచాలు ఒకేసారి కొట్టుకుంటుంటే నేను చెవులు మూసుకునేదాన్ని. బాపు మాత్రం ఒక్క నిమిషం విని, వేలు చూపించేవాడు. మూడో వరస, గోడ దిక్కు నుంచి రెండోది, పోగు మోసే నాడెను తన్నే తోలుపట్టా వదులైంది. పోయి చూస్తే అదే. కార్ఖానాలో గొంతుతో మాట్లాడితే వినపడదు కాబట్టి, అక్కడ అందరూ పెదాలు పెద్దగా కదిపి, చప్పుడు లేకుండా మాట్లాడుకుంటారు. మా బస్తీలో అందరికీ ఆ మాట వచ్చు. నాకూ వచ్చు. ఇంటికొచ్చాక మాత్రం అందరూ అరుస్తారు. మేముండే ఒంటిగది ఖోలీలో మామూలుగా మాట్లాడుకుంటుంటే, పక్క ఖోలీలోని మరాఠీ ఆవిడ జగడమనుకుని తొంగి చూసేది. అందుకే ఎవరికి ఎంత వినపడుతుందో మా ఇళ్ళలో తొందరగా బయటపడదు.

పోయిన దసరాకు మామ అంజూర్ ఫాటా దగ్గర కొత్త ఫ్లాటులోకి మారాడు. గృహప్రవేశానికి ముందే హోమ్ థియేటర్ వచ్చింది. దాన్ని బిగించే పని నాకూ బాపుకూ పడింది. నేను వైర్ల కోసం, బాపు గోడకు రంధ్రాల కోసం. ఫ్లాటులో ఇద్దరమే ఉన్నాం. వెనక స్పీకర్లు నేలమీద కాదు, కూర్చున్న మనిషి చెవికంటే జానెడు ఎత్తున ఉండాలని చెబితే, బాపు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, నా చెవి నుంచి జానెడు కొలిచి గోడకు పెన్సిలు గీత పెట్టాడు. అంత పద్ధతి మనిషి.

బిగించడం అయ్యాక, "ఇగ నేను కూసుంట, మోగియ్యి" అని కుర్చీలో కూర్చుని, కళ్ళు మూసుకుని, కార్ఖానా గడపలో లాగే వేలు ఎత్తాడు. నేను మూలల పేర్లు చెప్పే ఆడగొంతును పెట్టాను. అది ఇంగ్లీషులో చెబుతుంది కాబట్టి బాపు మాటలను బట్టి పోల్చే వీలు లేదు. ముందు మూడింటినీ కొంచెం తడబడుతూ చూపించాడు. కుడి వెనకది వెంటనే చూపించాడు. తర్వాత ఎడమ వెనక గొంతు వచ్చింది. బాపు వేలు కుడి వెనకే ఉంది.

"మల్ల గదే మూల రెండుసార్లెందుకు చెప్తుందే?" అన్నాడు కళ్ళు మూసుకునే.

వైర్లు తారుమారు చేశానేమో అని చూశాను. సరిగానే ఉన్నాయి. ఎడమ స్పీకర్‌కు చెవి పెట్టాను. పలుకుతోంది. ఇంకోసారి పెట్టాను. మళ్ళీ కుడి వెనకే చూపించాడు, కొంచెం విసుగ్గా. నేను చప్పుడు కాకుండా నడిచి, ఆయన ఎడమ భుజం వెనక నిలబడి, "బాపూ" అన్నాను. మామూలు గొంతుతోనే. కదలలేదు. కుడివైపు వచ్చి అంతే గొంతుతో అన్నాను. తిరిగాడు.

"ఏందే? మంచిగున్నదా?"

"మంచిగున్నది బాపూ."

ఆ నిమిషంలోనే చెప్పి ఉండాలి. చెప్పడానికి నోరు తెరిచాను కూడా. కానీ బాపుకు ముందు మామ కార్ఖానాలో ఉన్న మిస్త్రీ గుర్తొచ్చాడు. ఆయనకు చూపు మందగించిందని తెలిశాక, మామ గేటు దగ్గర స్టూలు వేయించాడు. పగార్ ఆపలేదు, మర్యాద తగ్గించలేదు. కానీ ఆ ముసలాయన రోజూ స్టూలు మీద కూర్చుని, లోపలి చప్పుడు వింటూ, చేతిలో పానా తిప్పుతూ ఉండేవాడు. ఏమీ బిగించేది లేకుండానే. బాపును ఆ స్టూలు మీద చూడలేననిపించింది. అదొక్కటే కారణమని రాస్తే బాగుంటుంది గాని, నిజం కాదు. చెబితే అమ్మ ఏడుస్తుంది, మామ ప్రశ్నలు వేస్తాడు, అందరూ నావైపు తిరిగి 'నీకెట్ల తెల్సింది?' అంటారు. నాకు ఆ చూపులంటే భయం. బాపు చెవి కంటే నా బిడియమే ఆ రోజు నాకు పెద్దదైంది.

గృహప్రవేశం రోజు మామ కొత్త చొక్కా వేసుకుని, వచ్చినవాళ్ళందరినీ ఒక్కొక్కరిగా నడుమ కుర్చీలో కూర్చోబెట్టాడు. అత్త అప్పటికే స్పీకర్ల మీద తెల్ల లేసు గుడ్డలు కప్పింది.

"గవి తియ్యే, గొంతు పిసికినట్టయితది పాటకు," అన్నాడు మామ.

"దూది దుమ్ము పడ్తలేదా? నీ కార్ఖానా నీ నెత్తిమీదనే తెస్తవ్ ఇంటికి," అంది అత్త.

ఇక మామ నావైపు తిరిగాడు. "కోడలు పిల్లా, నువ్వు దినాం గివే ఇంటవ్ గద. సినిమా పాటలు కాదు, అసలు చుట్టూ తిరిగేటియి రాసియ్యి. ఎన్క స్పీకర్లు ఊకె కూసుంటే ఎట్ల? మా బావను నడుమ కూసోబెడ్త. మిస్త్రీ చెవులాయె, ఏ మూలకెళ్ళి ఏమొచ్చిందో చెప్పాలె. ప్రతి ఐతారం పరీక్ష!"

అందరూ నవ్వారు. బాపూ నవ్వాడు. ఆ రాత్రి కాదు, మరుసటి రోజు నుంచి భోజన విరామాల్లో గోదాంలో కూర్చుని నేను నా డైరీ తెరిచి ఒక్కో ఆల్బమ్ మళ్ళీ విన్నాను. ఈసారి పాట కోసం కాదు, ఎడమ వెనక మూల కోసం. నాలుగు వీణలవి కొట్టేశాను. అన్నింటికంటే నాకు ఇష్టమైన 'నడిచే డప్పులు' కొట్టేశాను. అందులో ఐదుగురు డప్పులు కొడుతూ మన చుట్టూ గుండ్రంగా నడుస్తారు, వాళ్ళ అడుగుల చప్పుడు కూడా వినపడుతుంది. రాతి హాలూ కొట్టేశాను, ఎందుకంటే ఆ గోడలు ఎడమ మూల నుంచి కూడా పాడతాయి. కుడి వెనక నుంచి వేణువు జవాబిచ్చేది ఒకటి, కుడి వెనక మృదంగం కూర్చున్నది ఒకటి, పడవ పాటల ఆల్బమ్‌లో తెడ్డు చప్పుడు కుడివైపే వచ్చేది ఒకటి. అట్లా పన్నెండు ఉంచాను. ప్రతిదాని కింద రెండు వాక్యాలు రాశాను. 'మొదట తక్కువ శబ్దంతో వినండి. పాడే మనిషి శ్వాస వినపడితే స్పీకర్లు సరిగ్గా ఉన్నట్టు.' ఇలాంటివి. అందంగా రాశాను. సిగ్గుపడాల్సిన విషయం ఏమిటంటే, రాస్తున్నంతసేపూ నాకు సంతోషంగా ఉంది. నా రాత మొదటిసారి ఎవరో చదవబోతున్నారు.

ఆదివారాలు మొదలయ్యాయి. పొద్దున కార్ఖానా ఆగే రోజు కాబట్టి, పదింటికల్లా మామ ఫోను. అత్త సర్వపిండి చేసేది. బాపు స్నానం చేసి, తెల్ల చొక్కా వేసుకుని, నడుమ కుర్చీలో కూర్చునేవాడు. పాట సగానికి వచ్చాక మామ అడిగేవాడు.

"ఆఁ బావా, గా పిల్లనగోవి ఏ మూలకెళ్ళి?"

బాపు కుడి వెనకకు వేలు చూపించేవాడు.

"వాహ్! చూసినవా? గదీ చెవులంటే!" అని మామ తొడ చరిచేవాడు. అత్త నాకు కన్ను గీటేది. నేను టీ కప్పులో చూస్తూ కూర్చునేదాన్ని.

నా పట్టిక ఫోన్లలో తిరిగింది. కామత్‌ఘర్‌లో ఒక పెళ్ళివారింట్లో, కళ్యాణ్‌లో మా పెద్దమ్మ అల్లుడింట్లో, మామ బిల్డింగులో కింద ఉండే నూలు దుకాణమాయన ఇంట్లో. ఎవరెవరో మామతో 'మీ కోడలు మంచిగ రాసింది' అన్నారు. అమ్మ మురిసిపోయింది. బాపుకు వారం వారానికీ కార్ఖానాలో సాంచాలు బాగుచేయడానికి ఎక్కువసేపు పడుతోందని నేను గమనించాను. గడపలో నిలబడడం మానేశాడు. వరసల మధ్య నడుస్తూ ఒక్కో సాంచా చట్రం మీద అరచెయ్యి ఆనించి చూస్తున్నాడు. అది కూడా డైరీలో రాశాను. రాయడం వల్ల ఏదో చేసినట్టే అనిపించేది.

ఎండాకాలం చివర ఒక ఆదివారం నూలు దుకాణమాయన పైకి వచ్చాడు. వచ్చీ రాగానే మామతో అన్నాడు.

"ఏమయ్యా, నీ కోడలికి ఎడమ దిక్కంటే పగనా?"

"ఏంది?"

"ఆ పన్నెండూ పెట్టిన. నా ఎడమ ఎన్క స్పీకర్ నోరిప్పలే. ఖరాబైందనుకుని మెకానిక్‌ను పిలిచిన. ఆయన దాన్ని ఊడదీసి, చూసి, మల్ల బిగించి ఏమన్నడో తెల్సా? సేటూ, స్పీకర్ మంచిదే, పాటలల్లనే దానికి పని లేదు అన్నడు. పన్నెండింటికి పన్నెండు! గట్లెట్ల ఏరినవమ్మా?"

అందరూ నవ్వారు.  బాపు నడుమ కుర్చీలో ఉన్నాడు. ఆయన నవ్వలేదు, నన్నే చూశాడు. నూలు దుకాణమాయన జేబులోంచి పెన్‌డ్రైవ్ తీశాడు. "ఇగో, నా కొడుకు తెచ్చిండు. డప్పులు. నాలుగు మూలల తిరుగుతయి. మిస్త్రీ పటేలు, సూసుకో."

అదే ఆల్బమ్. నేను కొట్టేసింది.

డప్పులు ఎదురుగా మొదలయ్యాయి. కుడి పక్కకు నడిచాయి. కుడి వెనకకు. బాపు వేలు వాటితో పాటే నడిచింది. తర్వాత డప్పులు ఎడమ వెనకకు వెళ్ళాయి. బాపు వేలు కుడి వెనకే ఆగింది.

"ఇప్పుడు బావా?" అన్నాడు మామ. వేలు కదల్లేదు. "ఇప్పుడు?" వేలు అక్కడే. "అరె, మిస్త్రీ పటేలు తూగుతుండు," అని నూలు దుకాణమాయన నవ్వాడు. అత్త కూడా నవ్వింది.

మామ నవ్వలేదు. మామ పదేళ్ళు సాంచాలు నడిపి తర్వాత సొంతవి పెట్టుకున్న మనిషి. రిమోట్‌తో పాట ఆపేసి, లేచి, బాపు వెనకకు వెళ్ళి, ఎడమ చెవి దగ్గర చిటిక వేశాడు. ఇంకోసారి. గదిలో చిటిక చప్పుడు ఎంత పెద్దగా వినపడిందో నాకు ఇప్పటికీ గుర్తు. బాపు ఎదురుగా చూస్తూ, "పాట ఆపినవేంది?" అన్నాడు.

ఠాణేలో చెవుల డాక్టరు దగ్గరికి బాపు, మామ, నేను వెళ్ళాం. బాపుకు హిందీ వచ్చుగాని మరాఠీ అంతగా రాదనుకుని, డాక్టరు మరాఠీలో మాట్లాడేది తెలుగులో చెప్పడానికి నేను. బాపును గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు డబ్బాలు పెట్టి, కాగితం మీద రెండు గీతలు గీశారు. ఎడమ చెవి గీత మెట్ల మీది నుంచి పడినట్టు కిందకు పోయింది. కుడి చెవిది కూడా చివర వంగింది. పని చేసేటప్పుడు ఏ చెవి యంత్రం వైపు ఉంటుందని డాక్టరు అడిగింది. కుడి చేత్తో పానా పట్టి వంగితే ఎడమ చెవి సాంచాకు ఆనుతుంది. ముప్పై ఏళ్ళు అట్లాగే వంగాడు.

పోయింది తిరిగి రాదని ఆమె చెప్పింది. ఉన్నది కాపాడుకోవచ్చు, చెవుల్లో బిరడాలు లేకుండా ఇక ఒక్క రోజు కూడా ఆ చప్పుట్లోకి పోవద్దు, కుడి చెవి జారడం మొదలైంది, ఎంత ముందు తెలిస్తే అంత మేలు అంది. తర్వాత నావైపు చూసి అడిగింది.

"ఘరచ్యాంచ్యా కధీ లక్షాత్ ఆలం?"

ఇంట్లోవాళ్ళు ఎప్పుడు గమనించారు అని.

"ఆత్తాచ," అన్నాను. ఇప్పుడే. "గేల్యా ఆఠవడ్యాత్." పోయిన వారం.

ఆమె రాసుకుంది. దసరా నుంచి ఆ రోజుకు ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలూ బాపు బిరడాలు లేకుండా వంగుతూనే ఉన్నాడు. ఆమె చెప్పినవన్నీ బాపుకు తెలుగులో చెప్పాను, ఆ ఒక్క ప్రశ్న, నా జవాబు తప్ప.

తిరిగి ఆటోలో వచ్చాం. అంజూర్ ఫాటా దగ్గర ట్రక్కుల మధ్య ఆటో ఆగినప్పుడు, మామ బాపు కుడి చెవి వైపుకు వంగి, మెల్లగా అన్నాడు.

"బావా, చెవులల్ల బిరడాలు పెట్టుకుంటే సాంచా సప్పుడు తెల్వది. పెట్టుకోకుంటే ఉన్న చెవి పోతది. ఇగ రేపటి సంది నువ్వు పై గదిల తాకాలు చూస్కో. బట్టల లోపం నీకంటే ఎవరికి దొర్కుతది? ఆడ సప్పుడుండది."

తాకా అంటే మగ్గం నుంచి దిగిన బట్ట చుట్ట. అది పరిచి, మరకలు, తెగిన పోగులు చూసి, మడతపెట్టే పని. కూర్చుని చేసేది.

"సరే సేటూ," అన్నాడు బాపు. ఈసారి నవ్వకుండా.

పాత మిస్త్రీ స్టూలు గుర్తొచ్చింది నాకు. దేనికోసమైతే దాచానో అది జరిగింది. దాచినందుకు, పోనవసరం లేని కుడి చెవి కూడా కొంత పోయింది.

బాపు మర్నాడే పై గదికి వెళ్ళాడు. పానాలు, చిన్న సుత్తి, నూనె డబ్బా ఉండే సంచిని ఇంటికి తెచ్చి మంచం కింద పెట్టాడు. అమ్మ రోజూ అన్నం పెడుతూ నాతో అనేది, "నువ్వు దినాం గా డబ్బాల నడుమ ఉంటవ్, నీకన్న తెల్వలేదా బిడ్డా?" తిట్టి కాదు, ఊరికే, ఆశ్చర్యంగా.  రెండు ఆదివారాలు మామ దగ్గర నుంచి ఫోను రాలేదు. నా పట్టికను ఫోన్లోంచి తీసేశాను. అది అప్పటికే ఎన్ని ఇళ్ళలో ఉందో నాకు తెలియదు.

మూడో ఆదివారం మామా అత్తా ఒక నిశ్చితార్థానికి కళ్యాణ్ వెళ్తూ, మధ్యాహ్నం నీళ్ళొస్తే డ్రమ్ములు నింపమని తాళం మాకు ఇచ్చారు. నేనూ బాపూ వెళ్ళాం. నల్లాలో ఇంకా గాలే వస్తోంది. బాపు నడుమ కుర్చీలో కూర్చున్నాడు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"ఆత్తాచ అన్నవ్ గదా డాక్టరమ్మతోని," అన్నాడు.

 ముప్పై ఏళ్ళు కార్ఖానాలో పెదాలు చదివిన మనిషి. తెలుగు పెదాలే కాదు, హిందీ పెదాలు, మరాఠీ పెదాలు. నేను తెలుగులోకి మార్చి చెప్పకుండా వదిలేసింది ఆయన అప్పటికే చదువుకున్నాడు.

"ప్రతి ఐతారం ఒక్కటే మూల చూపిచ్చిన," అన్నాడు. "ప్రతిసారి కరెక్టే అన్నరు. ఒకసారి కాదు, రెండుసార్లు కాదు. గట్లెట్లయితది బిడ్డా? సాంచాలల్ల గూడ కాదు గట్ల."

"బాపూ, నేను..."

"నాకు అన్నీ కుడికే ఇనబడ్తున్నయని నాకెరికె. రెండేండ్లాయె. చెప్పబుద్ధి కాలే. మీ మామ పరీక్ష అన్ననాడు లోపట అనుకున్న, ఇగ దొర్కుత, మంచిదే, నేను చెప్పకుంటనే తెలుస్తది అని. గందుకే తెల్లంగి ఏసుకుని వచ్చేది ప్రతి ఐతారం. వచ్చి కూసుంటే నువ్వేమో దొరకనియ్యకపోతివి."

ఆయన గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. కుడి చెవి కూడా జారుతున్న సంగతి మాత్రం ఆ ఆదివారాల్లో ఆయనకు తెలియదు. ఆ గీత చివర వంగడం ఎవరికీ వినపడదు, అది కాగితం మీదే కనపడుతుంది. నేను దసరానాడు నోరు తెరిచి ఉంటే, ఆ కాగితం ఎనిమిది నెలల ముందు చేతికొచ్చేది. ఆ సంగతి ఆయన అనలేదు. నేనూ అనలేకపోయాను. తప్పయిందని కూడా గొంతుతో అనలేదు. పెదాలు కదిపాను, చప్పుడు లేకుండా, కార్ఖానాలో మాట్లాడినట్టు. ఆయన చదివాడు. తల ఊపాడో లేదో సరిగ్గా చెప్పలేను.

బల్ల మీద నూలు దుకాణమాయన పెన్‌డ్రైవ్ అట్లాగే ఉంది. బాపు దానివైపు గడ్డంతో చూపించాడు. "గా డప్పులు పెట్టు. ఆనాడు సగమే ఇన్న."

పెట్టాను. అత్త కప్పిన లేసు గుడ్డలన్నీ తీసి మడిచాను. డప్పులు ఎదురుగా మొదలై, అడుగులు వేసుకుంటూ కుడివైపుకు నడిచాయి. నేను అలవాటుగా గోడ దగ్గరికి పోబోయాను. బాపు నా చెయ్యి పట్టుకుని ఆపి, కుర్చీ పక్కన ఉన్న పీటను కాలితో తన ఎడమ పక్కకు జరిపాడు.

"గోడ కాడికి పోకు. నా ఎడమ దిక్కు కూసో బిడ్డా. అటుకెళ్ళి ఏమొస్తుందో నువ్వు చెప్పు."